తమ్ముడి పేరుతో చెప్పిన పాఠం

నమోదు 611. గాలి తూర్పు, మెత్తన. ఎగురుడు నలభై నిమిషాలు.

పొద్దున్నే గిరకను బయటికి లాగి, రెక్కల మీద పేరుకున్న ఉప్పు కడిగి, పెదకయ్య మీదుగా ఒక చుట్టు తిరిగి వచ్చాను. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున మునిగిన పాత ఊళ్ళ మేడల పిట్టగోడలు కూడా కనిపించాయి. ఇలాంటి పొద్దున ఇంట్లో పడుకునేవాళ్ళంటే నాకు జాలి. మనుషుల్ని మోసే తక్కిన వాహనాలన్నీ తమంతట తామే ఎగురుతున్న ఈ కాలంలో, చేత్తో కర్ర పట్టుకుని నడపనిచ్చేది దీన్ని ఒక్కదాన్నే. అదీ సరదాకి మాత్రమే. పై కార్యాలయం పుస్తకాల్లో దీని పేరు జైరోప్లేను. మా మెరక మీద ఆ పేరు పెట్టి అడిగితే ఎవరూ పలకరు.

తిరగపాఠం ఇంకా వారం ఉంది. లైసెన్సు ముప్ఫయ్యేళ్ళ కిందట తీసుకున్నా సరే, ఆరు నెలలకోసారి వచ్చి కూర్చోవాల్సిందే. రాగానే చెవిపూసలు తీసి గుమ్మం బయట బియ్యం డబ్బాలో వెయ్యాలి. ఇంట్లో, దారిలో, పడకలో కూడా మన మాటలు విని పైకి చేరవేసే పూసలు ఆ ఒక్క పూట ఏమీ వినకూడదు. తర్వాత ఒక్కొక్కరే లేచి తమ తప్పు తామే చెప్పాలి. రెక్కలు సరిగ్గా తిరగకముందే పరుగు పెట్టానని ఒకరు, నిద్ర చాలకపోయినా ఎగిరానని ఇంకొకరు. సభ పెద్దగా నేను "చెప్పావు, విన్నాం. గుమ్మం దాటదు" అంటాను. అందరూ అంటారు. అక్కడితో సరి. చెప్పిన తప్పుకు శిక్ష లేదు, బయట దాని ఊసు ఎత్తకూడదు. ఈ నియమం రాసింది నేనే కాబట్టి దీని గురించి నాకు కాస్త గర్వం.

ప్రాణం తీసిన తప్పు మాత్రం ప్రతి తిరగపాఠంలోనూ చెప్పాలి. చేసినవాడు బతికుంటే వాడు, లేకపోతే వాడి ఇంటివాళ్ళు. మా మెరక మీద అలాంటిది ఒక్కటే ఉంది, మా తమ్ముడు భావన్నారాయణది. పదకొండేళ్ళుగా దాన్ని నేనే చెబుతున్నాను. గిరక రెక్కల్ని ఇంజను తిప్పదు, ఎదురొచ్చే గాలి తిప్పుతుంది. నిలువునా పైకెక్కుతూ ఒక్కసారి ముక్కు కిందికి తోస్తే రెక్కల మీది బరువు పోతుంది, రెక్కలు నెమ్మదించి, వంగి వచ్చి తోకను నరికేస్తాయి. నా తమ్ముడు ఆ పని చేశాడు, మీరు చెయ్యకండి. ఇదీ పాఠం. మొదటిసారి చెప్పినప్పుడు నిలబడలేకపోయాను. ఇప్పుడు గొంతు వణకదు.

కొత్తవాళ్ళకి మొదటి సభలో ఒక్క ప్రశ్న అడిగే హక్కుంది. ఎవరిని అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పి తీరాలి. చాలామంది దాన్ని పాడు చేసుకుంటారు. పోయినసారి ఒకాయన లేచి టిఫిను ఎన్నింటికని అడిగాడు. పెసరట్లు పదింటికని నిజమే చెప్పాం.

వచ్చే ఏడాది మొదట్లో జరిగే సభకి భావన్న కూతురు తరళ వస్తుంది. తల్లి ముందే పోవడంతో ఏడేళ్ళప్పటినుంచీ నా దగ్గరే పెరిగింది. దానికి పద్దెనిమిది నిండుతాయి, లైసెన్సూ వస్తుంది. అప్పటినుంచి వాళ్ళ నాన్న తప్పు చెప్పాల్సింది అదే.

నమోదు 612. ఎగరలేదు.

రేవు పూడిక తీసే యంత్రం దగ్గర పనిచేసే యేసోబు మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. కాళ్ళకి మోకాళ్ళదాకా బురద.

"నాంచారక్కా, ఒకసారి రేవు కాడికి రా."

"ఏంటయ్యా?"

"ఏంటని అడగమాక. వచ్చి చూడు."

రేవు గట్టున పరిచిన పట్టా మీద, పూడికలోంచి తీసిన ఒక గిరక తాలూకు వంగిపోయిన రెక్కల స్తంభం, దాని తలకాయ, ఒక రెక్క ముక్క, తోక ఉన్నాయి. తోక మీద బురద యేసోబే తుడిచాడు. పసుపురంగు మీద చందువ చేప బొమ్మ. భావన్న తన చేత్తో వేసుకున్నాడు. చందువకి కనురెప్పలేంట్రా అని అప్పట్లో వాణ్ణి ఏడిపించేదాన్ని. గట్టు మీదే కూలబడి ఏడ్చాను. యేసోబు అటు తిరిగి నిలబడ్డాడు.

ఏడుపు తగ్గాక తోకను పట్టుకుని చూశాను. దాని మీద ఒక్క గాటు లేదు. నేను పదకొండేళ్ళుగా చెబుతున్న పాఠం ప్రకారం అది రెండు ముక్కలై ఉండాలి.

నమోదు 613. ఎగరలేదు.

స్తంభం తలకాయను ఇంటి వెనక కిరోసిన్లో నానబెట్టాను. గిరక రెక్కలు రెండూ ఒకే ఒక్క బోల్టుకు వేలాడతాయి. దాన్ని మేం నెత్తిబోల్టు అంటాం. ఐదు వందల గంటలు ఎగిరాక, చూపుకి ఎంత బాగున్నా, తీసేసి కొత్తది వేసి తీరాలి. తీసేసిన పాత బోల్టు తల మీద ఉలితో గాటు పెడతారు, ఎవరూ పొరపాటున మళ్ళీ వాడకుండా. కొత్తది బిగించాక బోల్టు మీదా నట్టు మీదా కలిపి ఒక ఎర్ర గీత గీస్తారు. గీత కలిసి ఉంటే నట్టు కదల్లేదని అర్థం. మేం రోజూ ఎగిరే ముందు చూసేది ఆ గీతనే.

సాయంత్రానికి తుప్పు వదిలింది. నెత్తిబోల్టు నడుముకి తెగి ఉంది. తల మీద ఉలిగాటు ఉంది. ఆకురాయితో రుద్ది మాపబోయారు కానీ వేలు పెడితే తగులుతోంది. అవతలి కొసన, నట్టు మూలలో, ఎర్ర గీత.

షెడ్డు పని పుస్తకం పాత సంచికలన్నీ సభ బీరువాలోనే ఉంటాయి. భావన్న చనిపోయిన ముందురోజు పేజీ తీశాను. "నెత్తిబోల్టు కొత్తది వేయడమైనది." కింద రాఘవులు మాస్టారి సంతకం.

నమోదు 614. ఎగరలేదు. గాలి బాగుంది, నాకే బాగాలేదు.

వీరరాఘవులు మాస్టారు ఈ మెరక మీద మొదటి షెడ్డు పెట్టినవాడు. నాకూ భావన్నకీ కర్ర పట్టుకోవడం నేర్పింది ఆయనే. భావన్న పాడె మోసిన భుజాల్లో ఒకటి ఆయనది. ఆ రోజు నేల మీద నుంచి పైకి చూస్తున్నదీ ఆయనొక్కడే. "ముక్కు కిందికి తోశాడు, నా కళ్ళతో చూశా" అని పై కార్యాలయానికి చెప్పిందీ ఆయనే. ఇవన్నీ తెలిసి కూడా పొద్దున ఆయన ఇంటికే వెళ్ళాను. షెడ్డు కుర్రాళ్ళెవరో పొరపాటు చేసి ఉంటారు, ఆయన చూడకుండా సంతకం పెట్టి ఉంటాడు అని దారి పొడుగునా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

బోల్టు చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"పెదకయ్య బురదలో దొరికింది మాస్టారూ. భావన్న గిరకది."

"ఇంకెవరన్నా చూశారా?"

ఆ ప్రశ్న వినగానే లేచి వచ్చేయాల్సింది. కూర్చున్నాను.

"యేసోబు చూశాడు. అతనికి గాటు సంగతి తెలీదు. మీ దగ్గర అప్పట్లో పనిచేసిన కుర్రాళ్ళెవరన్నా..."

"గుర్తు తెచ్చుకోవాలమ్మా. తిరగపాఠం ఇంకా నాలుగు రోజులేగా. అందాకా ఎవరికీ చెప్పమాక. పెద్దోణ్ణి, ఈ సంగతి నాకొదిలేయ్. అది ఇక్కడుంచి పో."

"నా దగ్గరే ఉంటుంది మాస్టారూ."

ఎందుకో బోల్టు మాత్రం అక్కడ వదల్లేదు, ఆయన చేతిలోంచి తీసేసుకున్నాను. ఆయన ఇచ్చిన టీ తాగాను. ఆయన మాట నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాను.

నమోదు 615. తిరగపాఠం. హాజరు ఇరవై ఏడుగురు.

పై కార్యాలయానికి ఉత్తరం రాసి కొంగున ముడేసుకుని వెళ్ళాను. సభ అయ్యాక, మాస్టారు ఏం చెబుతారో విన్నాక, పంపుదామనుకున్నాను. నేను సభ మొదలుపెట్టానో లేదో ఆయన లేచారు.

"నాది చెప్పుకోవాలమ్మా. ముందు నాది."

చెప్పారు. పండగ ఎగురుళ్ళు మర్నాడే ఉన్నాయి. కొత్త బోల్టులు తెచ్చే పడవ తుఫానుకి ఆగిపోయింది. "ఒకరి గిరకకి" గంటలు నిండిపోయాయి. ఆ మనిషి ఎగరాలని సరదా పడుతున్నాడు. ఒక్క రోజేగా అనుకుని, పక్కన పడేసిన పాతబోల్టుల్లో చూపుకి బాగున్నది తీసి, గాటు రుద్ది, బిగించి, గీత గీశారు. మర్నాడు అది గాల్లో తెగింది. "ముక్కు తోయడం నేను చూళ్ళేదు. చూశానని చెప్పా." అని భోరుమని ఏడ్చారు. పక్కవాళ్ళు ఆయన వీపు నిమిరారు. సభలో ఉన్న ప్రతివాళ్ళకీ అది ఎవరి గిరకో తెలుసు. అందరూ నా వంక చూశారు.

కొంగున ఉన్న ఉత్తరం ఆ క్షణంతో చెత్త కాగితమైంది. సభలో చెప్పిన తప్పు బయటికి పోకూడదు. బయటివాళ్ళకి నేను ముందే చెప్పి ఉంటే అది నేరం అయ్యేది. ఆయన ముందే సభలో చెప్పారు కాబట్టి అది పాఠం అయింది. నాలుగు రోజులు ఆగమన్నది ఇందుకు.

ఎదురుగా నారాయణమ్మ కూర్చుని ఉంది, పోయిన నెల కళ్ళు తిరుగుతున్నా ఎగిరానని చెప్పడానికి వచ్చింది. ఇవాళ ఈ ఒక్కడికి 'గుమ్మం దాటదు' అనకపోతే రేపు ఆమె నోరు విప్పదు. ఆమె విప్పకపోతే ఎవరూ విప్పరు. తప్పులు మళ్ళీ కడుపుల్లో దాక్కుంటాయి, మళ్ళీ మనుషులు రాలిపోతారు. ఇదంతా ఆయనకీ తెలుసు. నేను అనక తప్పదని తెలిసే లేచాడు.

"చెప్పారు, విన్నాం. గుమ్మం దాటదు," అన్నాను. అందరూ అన్నారు.

అందరూ వెళ్ళాక, డబ్బాలోంచి పూసలు తీసుకోకముందు, ఆయన్ని ఆపాను.

"పదకొండేళ్ళు మాస్టారూ. ఏడాదికి రెండుసార్లు. నా నోటితో చెప్పించారు. ముందు వరసలో కూర్చుని విన్నారు."

"అట్టా చెప్పకపోతే మెరక మీద ఒక్క గిరకా మిగిలేది కాదమ్మా. నడిపినోడి తప్పంటే ఊరుకుంటారు. షెడ్డు తప్పంటే అన్నీ మూయిస్తారు. నువ్వూ ఎగిరావుగా ఇన్నాళ్ళు?"

"నా తమ్ముడి పేరు తొక్కుకుంటూ ఎగిరానన్నమాట."

"పాఠం మంచిదే కదమ్మా. ఎంతమందిని కాపాడింది!"

ఒళ్ళు మండింది. మండింది ఆ మాట నిజం కావడంవల్లే. ఆ పాఠం గుర్తొచ్చే ముక్కు తొయ్యలేదని ముగ్గురు నాతో చెప్పారు. ఇంటికొచ్చాక ఇంకొకటి గుర్తొచ్చింది. భావన్న పోయిన నెలకి ఈ నియమం రాస్తుంటే నా పక్కన కూర్చుని, "చెప్పినోడికి కాపుదల ఉండాల, గట్టిగా రాయమ్మా" అన్నది ఈ మనిషే. నేను దాన్ని ఓదార్పు అనుకున్నాను. నిండా నమ్మాను, నట్టేట ముంచాడు.

నమోదు 616. ఎగరలేదు. ఎవరినీ ఎగరనివ్వలేదు.

మెరక మీదున్న పద్నాలుగు గిరకల నెత్తిబోల్టులూ విప్పించాను. రెండింటికి గాటు ఉన్న బోల్టులు దొరికాయి, పైన చక్కని ఎర్ర గీతలతో. ఒకటి మూలన పడి ఉన్నది. రెండోది నేర్చుకునేవాళ్ళ జంట గిరక. నెలన్నరగా తరళ ఎగురుతున్నది దాంట్లోనే.

షెడ్డు చూసుకునే వెంకటసుబ్బయ్యకి నలభై దాటాయి. గాటు మీద వేలు పెట్టి చూశాడు.

"గీత ఉంటే సరేనని మాస్టారు అనేవాళ్ళక్కా. మేం గీతే చూసేవాళ్ళం. గీత కింద ఏముందో ఎవరు చూస్తారు?"

పదకొండేళ్ళు నేను కర్ర గురించి చెప్పాను. అందరూ కర్ర వంకే చూస్తూ కూర్చున్నారు. ఒక్కరూ నెత్తి మీదికి చూడలేదు. దాంట్లో నా వంతూ ఉంది, రాసుకుంటున్నాను. ఈ పుస్తకం నేను పోయేదాకా ఎవరూ తెరవకూడదు కనక ఇక్కడ రాయొచ్చు.

నమోదు 629. గాలి పడమర, పొడి. ఎగురుడు ఇరవై నిమిషాలు.

యేసోబు తోకను ఇంటికి తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. తరళ వాళ్ళ నాన్న వస్తువు, వద్దనలేకపోయాను. తరళ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తడిమింది.

"అత్తా, చేపకి కనురెప్పలున్నాయే."

"మీ నాన్న పైత్యం."

నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "రెక్క తగిలి తోక తెగిందన్నావుగా? ఇదేంటి ఇంత బాగుంది?"

"ఏమోనే. నాకు తెలీదు."

అది నా కళ్ళలోకి చూసింది. తోకను గోడకి తగిలించి లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారు నన్ను మోసం చేశాడని ఇన్ని పేజీలు రాశాను. ఇవాళ అదే పని నేను తరళకి చేశాను, అదీ ఆయన్ని కాపాడటానికి.

నమోదు 648. ఎగరలేదు. మంచు.

తరళకి లైసెన్సు వచ్చింది. సభకి పదిరోజులుంది. వంటింట్లో దోసకాయ తరుగుతూ వల్లె వేస్తోంది.

"మా నాన్న పేరు భావన్నారాయణ. నిలువునా ఎక్కుతూ ముక్కు కిందికి తోశాడు. అది ఆయన తప్పు. అత్తా, 'అది ఆయన తప్పు' దగ్గర ఆగాలా, గబగబా చెప్పేయాలా?"

పొయ్యి మీద పప్పు పొంగిపోయింది. దాని మీద వంగి తుడుస్తూ మొహం దాచుకున్నాను. చెవిపూస నా చెవిలోనే ఉంది, దాని చెవిలోనూ ఉంది. పూసలు తీసేసినా, సభలో విన్నది సభలో లేనివాళ్ళకి చెప్పకూడదు. ఆరు నెలలుగా ఇరవై ఏడుగురిలో ఒక్కరూ నోరు జారలేదు. తరళ బాగోగులు కనుక్కుంటూ, రోజూ పలకరిస్తూ కూడా, ఒక్కరూ చెప్పలేదు. నా నియమం అంత గొప్పగా పనిచేస్తోంది.

"నీకు తోచినట్టు చెప్పు," అన్నాను.

సభ పెద్దగా వరస పెట్టే పని నాది. మాస్టారిది మొదటి పేరు రాశాను, తరళది రెండోది, తన వంతు రాకముందే ఆయన చెప్పేది వినేట్టు. నియమంలో ఉన్నంతవరకు నేను చెయ్యగలిగింది ఇదే.

నమోదు 653. తిరగపాఠం. హాజరు ఇరవై ఎనిమిది.

తరళ పూస తీసి బియ్యం డబ్బాలో వేసి, చేతిలో కాగితంతో ముందు వరసలో కూర్చుంది. మాస్టారు లేచారు. ఈసారి ఏడవలేదు. సాధన చేసుకుని వచ్చినట్టున్నారు, పడవ, తుఫాను, పండగ, ఉలిగాటు, గీత, అన్నీ వరసగా, చక్కగా చెప్పారు. చనిపోయిన మనిషి పేరు ఈసారీ చెప్పలేదు. ముక్కు తోయడం చూశానని అబద్ధమాడిన ముక్క కూడా మింగేశారు. "అందుకని గీతని నమ్మొద్దు, విప్పి చూడండి" అని ముగించి కూర్చోబోయారు. మంచి పాఠం. ఆయన ఎప్పుడూ బాగానే చెబుతారు.

కొత్తవాళ్ళ ప్రశ్నలున్నాయా అని అడిగాను. టిఫిను గురించి అడుగుతుందో, బోల్టు సైజు అడుగుతుందో, అసలు అడుగుతుందో లేదో. దానికి నేను ఏమీ అందించకూడదు. బల్ల కింద చేతులు ముడుచుకుని కూర్చున్నాను.

తరళ లేచింది.

"ఆ గిరక తోక మీద ఏం బొమ్మ ఉంది మాస్టారూ?"

మాస్టారు నా వంక చూశారు. చిన్నప్పుడు నేను కర్ర వదిలేసి భయంతో ఆయన వంక చూసినట్టు చూశారు.

"ఇన్నేళ్ళ నాటి మాట, గుర్తెక్కడుంటదమ్మా..."

"ప్రశ్నకి ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పాలి మాస్టారూ," అన్నాను. ఇది కూడా నేను రాసిన నియమమే.

"చందువ," అన్నారు. మళ్ళీ తనే, "కనురెప్పలుండే చందువ," అన్నారు.

తరళ తల ఊపింది. నా వంక తిరిగి, తోకను పట్టుకుని అడిగిన రోజు చూసినట్టే చూసింది. నేను తల దించుకున్నాను. అప్పుడు కూడా పెద్దగా నా పని నేను చెయ్యాలి కనక, "చెప్పారు, విన్నాం. గుమ్మం దాటదు" అన్నాను. అందరూ అన్నారు. తరళ అనలేదు.

వరసలో రెండో పేరు చదివాను. తరళ చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా బల్ల మీద ఉంచి, తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. బియ్యం డబ్బా మూత తీసి, తన పూస వెతుక్కుని చెవిలో పెట్టుకుంది. మాకందరికీ కనిపిస్తూనే ఉంది. తర్వాత, పూసకే కాదు, షెడ్డులో ఉన్నవాళ్ళకీ రేవులో ఉన్నవాళ్ళకీ వినపడేట్టు చెప్పింది.

"మా నాన్న పేరు భావన్నారాయణ. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు."

మళ్ళీ ఒకసారి చెప్పింది. ఆగాల్సిన చోట ఆగి, నిదానంగా చెప్పింది.

మాస్టారు లేచి నిలబడి, ఇది నియమానికి విరుద్ధం, రాయమ్మా, రాయి అన్నారు. రాశాను. తరళ సభలో విన్న ఎవరి తప్పునూ బయట చెప్పలేదనీ, నియమం ఎక్కడా తప్పలేదనీ సభ పుస్తకంలో రాసి సంతకం పెట్టాను.

ఆ ఒక్క మాట చెప్పడానికి ఏ నియమమూ అడ్డం రాదని ఆరు నెలల్లో నాకు ఒక్కసారీ తట్టలేదు. తరళ ఇంకా ఇంటికి రాలేదు.